పద్నాలుగో క్లాజులో కుక్క

మా శాంతివనం పార్కు వాకర్స్ అసోసియేషన్‌కి రాజ్యాంగం ఉంది. మిగతా పార్కుల వాళ్లకి బైలాస్ ఉంటాయి. మాకు మాత్రం రాజ్యాంగమే. ఆ పేరు పెట్టింది రిటైర్డ్ మున్సిఫ్ కూర్మనాథంగారు. "బైలాస్ అనేవి పాల సంఘాలకండీ. రోజూ ఐదింటికి లేచి నడిచేవాళ్లకి కాస్త పెద్దది ఉండాలి" అన్నారాయన. రాసింది నేను. నా పేరు జగ్గారావు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్లు దస్తావేజులకి నకళ్లు తీసి రిటైరయ్యాను. అందుకని రాతపని అనగానే అందరూ నావైపు తిరుగుతారు. సెక్రటరీని కూడా నేనే.

పదకొండేళ్ల కిందట ఒక ఆదివారం పార్కుకి ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్లో కూర్చుని ఆ రాజ్యాంగం రాశాం. పదమూడు క్లాజులు నున్నగా నడిచాయి. పద్నాలుగోది కుక్కలది. ఆ వారమే ఒక పిచ్చికుక్క పార్కులోకి దూరి నవ్వుల క్లబ్బు సభ్యులందర్నీ స్టేజీ ఎక్కించింది. వాళ్లు ఎంత అరిచినా, రోజూ చేసే అరుపులే కదా అని ఎవరూ సాయానికి వెళ్లలేదు. ఇలాంటిది మళ్లీ జరక్కూడదని కూర్మనాథంగారు ఈ క్లాజు చెప్పారు, నేను రాసుకున్నాను: "పార్కునందు కుక్క ప్రవేశించిన యెడల అత్యవసర పరిస్థితి ఏర్పడినట్లు భావించి, అధ్యక్షులవారు విజిల్ ఊది, తమకు అవసరమని తోచిన సమస్త చర్యలు తీసుకొనవచ్చును. అట్టి పరిస్థితి..."

సరిగ్గా అక్కడికి ఉప్మా పెసరట్లు వచ్చాయి. వేడి వేడిగా, అల్లం పచ్చడితో వచ్చాయి. తినేసి, చేతులు కడుక్కొచ్చి, పదిహేనో క్లాజు మొదలుపెట్టాం. అట్టి పరిస్థితి ఎప్పుడు ముగుస్తుందో, ఎవరు ముగించాలో రాయనే లేదు. ఫెయిర్ కాపీ తీసేటప్పుడు నేను గమనించాను. పెద్దవాళ్లని మళ్లీ కూర్చోబెట్టడం ఎందుకులే అని ఆ సగం వాక్యం కొట్టేసి చుక్క పెట్టాను. ఈ కథలో తప్పెవరిదని చివర్లో మీరు ఎలాగూ అడుగుతారు కనక ముందే చెప్పేస్తున్నాను.

పదకొండేళ్లపాటు ఆ రాజ్యాంగం బీరువాలో హాయిగా నిద్రపోయింది. మేం నడిచాం. నడిచి వచ్చి, గేటు లోపల బాదంచెట్టు కింద సన్యాసమ్మ దగ్గర రాగిజావ తాగాం. సన్యాసమ్మ ఎడమ మోకాలు అరిగిపోయిన మనిషి. ఆమె అక్కడ కూర్చున్నది నీడకోసం కాదు, చెట్టు పక్కనున్న కుళాయి కోసం. గిన్నెలు తోముకోవాలన్నా, గ్లాసులు కడుక్కోవాలన్నా కూర్చున్నచోటినుంచి చెయ్యి చాపితే చాలు. ఆ కుళాయి లేకపోతే ఆమెకి జావ లేదు. జావ లేకపోతే మరేం చెయ్యాలో ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు.

గొడవంతా టీవీవల్ల వచ్చింది.

మా అధ్యక్షుడు వైకుంఠరావుగారు ఇరిగేషన్‌లో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా నీళ్లని ఎటు వెళ్లాలో ఆజ్ఞాపించారు, అవి వినలేదు. మనుషులైనా వింటారేమోనని మా దగ్గరికొచ్చారు. ఈమధ్య ఆయన సాయంత్రాలు విదేశీ వార్తలు చూడటం మొదలుపెట్టారు. ఎక్కడో ఒక దేశంలో అధ్యక్షుడు పొద్దున్న ఉత్తర్వు వేస్తాడట. మధ్యాహ్నానికి కోర్టు ఆపేస్తుందట. సాయంత్రం ఆయన లేచి, నన్నాపడానికి మీరెవరంటాడట. అదే టైములో అదే చానలు కూర్మనాథంగారు కూడా చూస్తున్నారు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఒక సోమవారం వైకుంఠరావుగారు లావుపాటి పెన్నుతో వచ్చారు.

"జగ్గారావ్, ఈ అసోసియేషన్ పెట్టి ఎన్నేళ్లైంది?"

"పదకొండు సార్."

"పదకొండేళ్లలో మనకి ఎన్ని రాజ్యాంగ సంక్షోభాలొచ్చాయి?"

"ఒక్కటీ రాలేదు సార్."

"సిగ్గుగా లేదూ?" అన్నారు.

అరగంటలో అధ్యక్ష ఉత్తర్వు నంబరు ఒకటి వెలువడింది. ఇకమీదట సభ్యులందరూ ట్రాకు మీద కుడినుంచి ఎడమకి కాక ఎడమనుంచి కుడికి నడవవలెను. ఒకేవైపు తిరిగితే ఒకే మోకాలు అరుగుతుందని, ఇది ఇంజనీరింగ్ సూత్రమని కింద వివరణ. సంతకం చేసి కాగితాన్ని రెండు చేతులా ఎత్తి అందరికీ చూపించారు. చదివే కళ్లజోడు ఎవరూ తెచ్చుకోలేదు. చప్పట్లు మాత్రం కొట్టారు.

మా రాజ్యాంగం తొమ్మిదో క్లాజు ప్రకారం ఒక న్యాయపీఠం కూడా ఉంది. పీఠం అంటే ఫౌంటెన్ పక్కన సిమెంటు బెంచీ. దానిమీద కూర్చునేది కూర్మనాథంగారు. పదకొండేళ్లలో ఆయన తేల్చిన తగువు ఒక్కటే, యోగా దగ్గర మారిపోయిన చెప్పులది. అదీ ఎనిమిది వాయిదాల తర్వాత తేలింది. అప్పటికి ఆ చెప్పులు రెండుజతలూ అరిగిపోయాయి. అలాంటి మనిషి ఈ ఉత్తర్వు మీద ఇరవై నిమిషాల్లో స్టే ఇచ్చారు. "సభ్యుల పాదములు రాజ్యాంగబద్ధమైనవి. అధ్యక్షులవారి ఇష్టానుసారము తిరుగునవి కావు" అని తీర్పు చదివి, ఎవరూ అడక్కుండానే మళ్లీ ఒకసారి చదివారు. ఎన్నాళ్లుగా ఎదురు చూశారో పాపం.

వైకుంఠరావుగారు ఆ రాత్రి రాజ్యాంగం ఇంటికి పట్టుకెళ్లి చదివారు. చదివినవాళ్లలో ఆయనే మొదటివారు. మర్నాడు పొద్దున్నే మెడలో విజిల్ వేసుకుని వచ్చారు.

బాదంచెట్టు కింద పండు పడుకుని ఉంది. పండు అంటే సన్యాసమ్మ దగ్గర జావ తాగి బతికే ముసలి కుక్క. గోధుమరంగు, సగం చెవి. ఆరేళ్లుగా రోజూ అక్కడే పడుకుంటోంది. మేం దాన్ని దాటుకుని నడుస్తుంటాం. వైకుంఠరావుగారు దాని ముందు నిలబడి, పదకొండేళ్ల తుప్పు వదిలేలా విజిల్ ఊదారు. పండు ఒక కన్ను తెరిచి, ఆయన్ని చూసి, మళ్లీ మూసుకుంది.

"పార్కులో కుక్క ప్రవేశించినది! అత్యవసర పరిస్థితి ప్రకటిస్తున్నాను! రాసుకో జగ్గారావ్!"

రాసుకున్నాను.

ఆ పూటే ఏడు ఉత్తర్వులు వచ్చాయి. ఎడమనుంచి కుడికి నడక మళ్లీ అమల్లోకి వచ్చింది. కుక్క రెచ్చిపోయే ప్రమాదం ఉన్నందున నవ్వుల క్లబ్బు ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేనిదే నవ్వరాదు. వచ్చే నెల జరగాల్సిన అసోసియేషన్ ఎన్నికలు కుక్క ఉన్నంతవరకు వాయిదా. మిగతావి చిన్నవి. ఏ ఉత్తర్వులోనూ కుక్కని బయటికి తోలమని మాత్రం లేదు. నేను అమాయకంగా అడిగాను కూడా. "దాన్ని తోలేస్తే అత్యవసర పరిస్థితి ఏం తిని బతుకుతుందయ్యా?" అన్నారు వైకుంఠరావుగారు.

మూడోరోజు న్యాయపీఠం విచారణ జరిపింది. సభ్యులందరూ నడక మానేసి ఫౌంటెన్ చుట్టూ చేరారు. కూర్మనాథంగారు గొంతు సవరించుకుని, "పీఠము ముందున్న ప్రశ్న పార్కులో కుక్క ఉన్నదా అన్నది కాదు. ఆరు సంవత్సరములుగా లోపలే ఉన్న కుక్క కొత్తగా ప్రవేశించినదని భావించవచ్చునా అన్నది" అన్నారు. అందరూ ఆహా అన్నారు. తర్వాత సన్యాసమ్మని సాక్షిగా పిలిచారు. ఆమె గరిటె చేత్తో పట్టుకునే కుంటుకుంటూ వచ్చింది.

"ఈ శునకము ఎవరినైనా కరచినదా?"

"దానికి పళ్లెక్కడివి బాబూ? జావ తాగి బతుకుతాది. మొన్న కాకొచ్చి దాని గిన్నిలో ముక్కెట్టి తాగేసి ఎగిరిపోనాది. ఇది సూస్తా ఊరుకుంది."

"అనగా దీనివలన ప్రమాదము లేదందువా?"

"పెమాదవా! నానే దానికి పెమాదం బాబూ. నిన్న పొద్దున్న సూసుకోక దాని తోక తొక్కేసినాను. కుయ్ మనలేదు."

నవ్వుల క్లబ్బు అనుమతి తీసుకోకుండా నవ్వింది. వైకుంఠరావుగారు లేచి విజిల్ ఊదారు. ఆ నవ్వుతో అత్యవసర పరిస్థితి పరువు పోయిందని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది.

మర్నాడు ఉత్తర్వు నంబరు తొమ్మిది. "అత్యవసర పరిస్థితి తీవ్రతను తక్కువ చేసి చెప్పు వ్యక్తులు పార్కు ఆవరణయందు ఉండరాదు. పార్కు కుళాయి నీరు సభ్యులు కానివారికి ఇయ్యరాదు." రాసింది నేనే. నా చేతిరాత బాగుంటుందంటారు. ఆరోజు మరీ బాగా వచ్చింది. సన్యాసమ్మకి చదువు రాదు. "ఏటి రాసినారు బాబూ, మీరే సదివి సెప్పండి" అని నాకే అందించింది. చదివాను. ఆమె విని, గ్లాసులు బోర్లించి బుట్టలో సర్దుకుంది. పదకొండేళ్లుగా ఆమె చేతి జావ తాగిన నాకు ఆ క్షణాన భూమిలోకి దిగిపోవాలనిపించింది. దిగలేదు. కింద ప్రతి అందినట్టు ఆమెచేత వేలిముద్ర వేయించుకున్నాను. అది ఆఫీసు పద్ధతి.

ఆమె వెనకే పండు కూడా లేచి బయల్దేరింది. దాంతో గగ్గోలు పుట్టింది. వైకుంఠరావుగారు పరుగున వెళ్లి పెద్దగేటు మూయించి తాళం వేయించారు. మనుషులు ఒక్కొక్కరే తిప్పుకుంటూ పోయే చుట్టుగేటులోంచి కుక్క పోలేదు. అప్పటికప్పుడు శునక పర్యవేక్షక ఉపసంఘం ఏర్పడింది. పండుకి దుప్పటి, పాలలో నానబెట్టిన బిస్కెట్లు, పూటకో కాపలా సభ్యుడు. వారం తిరిగేసరికి దాని పొట్ట నేలకి ఆనింది. అయినా పొద్దున్నే వెళ్లి పెద్దగేటు ఊచల దగ్గరే పడుకునేది, మూతి రోడ్డువైపు పెట్టి.

రోడ్డుకి ఆవలివైపు డ్రైనేజీ గట్టుమీద సన్యాసమ్మ కొత్తగా కూర్చుంది. లారీల దుమ్ము, ఎండ. వాటికి ఆమె ఏమీ అనలేదు. నీళ్లే ఇబ్బంది. రెండు వీధుల అవతల బోరింగు ఉంది. ఆ మోకాలితో బిందె ఎత్తుకుని రోజుకి ఒక్కసారి వెళ్లొచ్చేది. ఆ ఒక్క బిందెకి ఎంత జావ అయితే అంతే. ఏడింటికల్లా గిన్నె బోర్లించేసేది.

కూర్మనాథంగారి దగ్గరికి వెళ్లి చెప్పుకోమని నేనే సలహా ఇచ్చాను. విచారణ పూటకి లోపలికి రావచ్చని అనుమతి రాసిచ్చాను, ఆమె వచ్చి బెంచీ ముందు నిలబడింది.

"నువ్వు అసోసియేషన్ సభ్యురాలివా అమ్మా?"

"కాదు బాబూ."

"ఉదయపు నడక నడుచుదువా?"

"మోకాలు బాబూ. గేటుకాడికి రావడమే నాకు యాతన."

"అదే చిక్కు. ఈ పీఠమును ఆశ్రయించు హక్కు నడిచేవారికే ఉన్నది." ఆయన నిజంగానే బాధపడ్డారు. తర్వాత మొహం వెలిగింది. "కాని సెక్రటరీగారూ, ఈవిడ లేవనెత్తిన ప్రశ్న చాలా పెద్దది సుమండీ. అత్యవసర పరిస్థితిలో అధ్యక్షుని అధికారమునకు హద్దు ఎక్కడ? దీన్ని పీఠము తనంతట తానుగా విచారణకు స్వీకరిస్తున్నది."

అలా ఆమెని పక్కన పెట్టి ప్రశ్నని మాత్రం ఉంచుకున్నారు.

ఆ పెద్ద ప్రశ్న తేలేలోగా సభ్యులకి ఊరట కావాలి కదా. ఎల్‌ఐసీలో చేసిన పరశురాం అనే సభ్యుడు నడక దిశ మీద స్టే అడిగాడు. కూర్మనాథంగారు ఇచ్చారు. వైకుంఠరావుగారు ఒప్పుకోలేదు. "అడిగింది ఒక్కడు. అడగనివాళ్లకి కూడా ఊరటెలా ఇస్తారు? ఆయన పాదాలు వేరు, వాళ్ల పాదాలు వేరు" అని వాదించారు. పీఠం ఆలోచించి, నిజమే, ఎవరు అడిగితే వారికే స్టే అంది. మర్నాటికి అరవై మూడు పిటిషన్లు పడ్డాయి. నకళ్లన్నీ నేనే తీశాను.

స్టే ఉన్నవాళ్లు పాత దిశలో, లేనివాళ్లు కొత్త దిశలో నడవడం మొదలైంది. గుర్తుకోసం స్టే ఉన్నవాళ్లకి జబ్బకి ఆకుపచ్చ రిబ్బను కట్టారు. ట్రాకు నాలుగడుగుల వెడల్పు. మొదటిరోజే మూడు కళ్లజోళ్లు పగిలాయి. పరశురాం భార్య పిటిషన్ వెయ్యలేదు. దాంతో మొగుడూ పెళ్లాం ఎదురెదురుగా నడుస్తూ రోజుకి పన్నెండుసార్లు కలుసుకుంటున్నారు. "పెళ్లైన ఇన్నాళ్లకి ఇన్నిసార్లు పలకరించుకుంటున్నామండీ" అని ఆయన నాతో సంతోషంగా చెప్పాడు. ఈ గొడవలో లాభపడిన కుటుంబం అదొక్కటే.

మూడోవారం ఉత్తర్వు నంబరు పదిహేడుతో వైకుంఠరావుగారు కూర్మనాథంగారిని న్యాయపీఠంనుంచి తొలగించారు. కూర్మనాథంగారు తన తొలగింపు మీద తానే స్టే ఇచ్చుకున్నారు. "పీఠము ఉన్నదో లేదో తేల్చవలసినది పీఠమే" అన్నారు. వైకుంఠరావుగారు మనుషుల్ని పెట్టి సిమెంటు బెంచీని నర్సరీ వైపుకి మార్పించారు. కూర్మనాథంగారు ఇంటినుంచి మడతకుర్చీ తెచ్చుకుని, బెంచీ ఉండాల్సిన చోట వేసుకుని కూర్చున్నారు.

ఆపైన వచ్చిన ఉత్తర్వు చాలా గొప్పది. "విజిల్ నోట ఉండగా అధ్యక్షులవారు చేయు పనులన్నియు అధికారిక చర్యలు. వానిని ఏ పీఠమును, కుర్చీయును ప్రశ్నింపరాదు. విజిల్ నోట లేనప్పుడు చేయు పనులు వ్యక్తిగతము." ఆ రోజునుంచి ఆయన విజిల్ నోట్లోంచి తియ్యలేదు. పార్కులో పూలు కోయరాదని బోర్డుంది. ఆయన విజిల్ నోట్లో పెట్టుకుని సంచీనిండా మందారాలు కోసుకునేవారు. విజిల్ నోట్లో ఉంటే మాట్లాడలేరు కాబట్టి ఊదేవారు. నేను మినిట్స్‌లో యథాతథంగా రాసేవాణ్ని: "అధ్యక్షులవారు రెండు పొట్టివి, ఒక పొడుగుది ఊదిరి. సభ ఆమోదించినది."

ఈ ఏడు వారాల్లో నేను రోజూ రోడ్డు దాటి సన్యాసమ్మ దగ్గర జావ తాగుతూనే ఉన్నాను. నాతోపాటు పదిమందిదాకా వచ్చేవారు. మిగతావాళ్లకి రిబ్బన్లతోనే సరిపోయింది.

"తీర్పెప్పుడు బాబూ?" అని అడిగేది.

"రాస్తున్నారు. వచ్చేస్తుంది."

"నన్ను లోపలికి రానిస్తారా?"

"పెద్ద ప్రశ్న కదా, అది తేలితే నీదీ తేలుతుంది" అనేవాణ్ని. నాకు నమ్మకం ఉండే అన్నాను. ముప్ఫై నాలుగేళ్లు కాగితాల మధ్య బతికినవాడికి కాగితం మీద నమ్మకం పోవడం అంత తేలిక కాదు.

ఎనిమిదో ఆదివారం తీర్పు వచ్చింది. తొంభై ఏడు పేజీలు. షామియానా వేశారు, కుర్చీలు తెప్పించారు. కుర్చీల వ్యాను లోపలికి రావడానికి పెద్దగేటు తెరిచారు. కూర్మనాథంగారు రెండు గంటలసేపు చదివారు. సారాంశం చెబుతాను. అధ్యక్షులవారు తమ అధికార పరిధిని దాటినారు. అయితే సదుద్దేశంతో దాటినారు కనుక, జారీ అయిన ఉత్తర్వులు అత్యవసర పరిస్థితి ముగియువరకు చెల్లును. అత్యవసర పరిస్థితి కుక్క ఉన్నంతవరకు ఉండును. కుక్క ఈ కేసులో ముఖ్య సాక్ష్యం కనుక దానిని ఎవరును కదల్చరాదు. తీర్పు తీర్పే కనుక న్యాయపీఠమునకు తీర్పు చెప్పు అధికారము ఉన్నట్లు ఇందుమూలముగా రుజువైనది.

పీఠం గెలిచిందని సగంమంది చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు గెలిచారని మిగతా సగంమంది కొట్టారు. వైకుంఠరావుగారు కూర్మనాథంగారికి శాలువా కప్పారు. కూర్మనాథంగారు వైకుంఠరావుగారికి శాలువా కప్పారు. మన పార్కులో రాజ్యాంగం సజీవంగా ఉందని ఇద్దరూ కౌగిలించుకున్నారు. నేను నెమ్మదిగా దగ్గరికెళ్లి, "సార్, మరి సన్యాసమ్మ సంగతి?" అన్నాను.

"ఆవిడ ఇందులో పార్టీ కాదు కదండీ సెక్రటరీగారూ" అన్నారు కూర్మనాథంగారు ఫొటోకి నవ్వుతూ.

ఫొటోల హడావుడిలో ఉపసంఘం వాళ్లు కూడా స్టేజీ ఎక్కేశారు. పండు లేచి, ఒళ్లు విదుల్చుకుని, తెరిచి ఉన్న పెద్దగేటులోంచి నింపాదిగా రోడ్డు దాటి వెళ్లిపోయింది. ఎవరో చూసి కేకేశారు. అందరూ గేటువైపు తిరిగారు. కుక్క వెళ్లిపోయింది. అంటే ఉత్తర్వులన్నీ రద్దు. ఎన్నికలు పెట్టాలి. సన్యాసమ్మ లోపలికి రావచ్చు.

వైకుంఠరావుగారు విజిల్ తీసి జేబులో వేసుకుని వ్యక్తిగతంగా ఒక నిమిషం ఆలోచించారు. మళ్లీ నోట్లో పెట్టబోతూ ఆగి నాతో అన్నారు: "కుక్క క్యాంపుకెళ్లినట్టు రాయి."

"సార్?"

"కలెక్టరు క్యాంపుకెళ్తే జిల్లాకి కలెక్టరు లేనట్టా? హెడ్‌క్వార్టర్స్ ఇక్కడే. రాయి."

నేను కూర్మనాథంగారి వైపు చూశాను. ఆయన శాలువా సర్దుకున్నారు. "శునకము లేకపోవుట పీఠము ముందు సాక్ష్యాధారములతో రుజువు కావలెను. పిటిషన్ వేయండి. వాయిదా ఇస్తాను" అన్నారు.

రాశాను. "శునకము క్యాంపు." ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో చాలా రాశాను కాని, ఆ రెండు మాటలు రాస్తున్నప్పుడు నామీద నాకు అసహ్యం వేసింది.

రోడ్డు దాటి వెళ్లాను. పండు డ్రైనేజీ గట్టుమీద సన్యాసమ్మ కాళ్ల దగ్గర పడుకుని ఉంది. ఆమె ఖాళీ బిందె బోర్లించుకుని దాని మీద కూర్చుంది. ఆరోజు నీళ్లు అప్పుడే అయిపోయాయి. జావ గిన్నె అడుగున రెండు గ్లాసులు మిగిలాయేమో.

"అయిపోనాదా బాబూ?"

"అయిపోయింది."

"ఎన్ని కాయితాలు?"

"తొంభై ఏడు."

"అమ్మో! అన్నింట్లో నా పేరెన్నిసార్లు రాసినారు?"

ఆ నకలు తీసింది నేనే. నాకు తెలుసు. పండు పేరు నలభై ఒక్కసార్లు ఉంది. ఆమె పేరు లేదు. "జావ విక్రయించు ఒక వ్యక్తి" అని ఒక్కచోట ఉంది, అదీ కుక్క చరిత్ర చెప్పేచోట. అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

"లేదు సన్యాసమ్మా."

"దీనిదో?"

"దానిది ఉంది. నలభై ఒకటి."

ఆమె కుక్కని చూసింది. కోప్పడుతుందనుకున్నాను. పకపకా నవ్వింది. "వినుకున్నావేటే పండూ? పెద్దమనిసివైపోనావు" అని మిగిలిన జావలో ఒక గ్లాసు దాని గిన్నెలో పోసింది. రెండోది నాకిచ్చింది. "తాగండి బాబూ. నీళ్లయిపోనాయి. రేపటికి మరి సూడాలి. ఈ మోకాలు రేపటికి లెగుస్తాదో లేదో."

గ్లాసు గట్టుమీద పెట్టేశాను. బిందె అందుకున్నాను. "నువ్వు లే ఒకసారి" అంటే లేచింది. బిందె పట్టుకుని రోడ్డు దాటి, పెద్దగేటులోంచి లోపలికెళ్లి, బాదంచెట్టు కింద కుళాయి తిప్పాను. నీళ్లు ధార కట్టాయి. ఉత్తర్వు నంబరు తొమ్మిది, రెండో వాక్యం. నా చేతిరాతే.

షామియానా కిందనుంచి విజిల్ మోగింది. రెండు పొడుగువి, మూడు పొట్టివి. దాని అర్థం నాకు తెలుసు. నేనే మినిట్స్‌కి ఎక్కించాను. నేను ఆగలేదు. వెనక కూర్మనాథంగారు కూడా కేకేస్తున్నారు: "సెక్రటరీగారూ! ఆ నీరు సభ్యేతరులకు ఇయ్యరాదు! పీఠము కూడా నిషేధిస్తున్నది!" ఏడు వారాలుగా దేనిమీదా కలవని ఇద్దరూ ఒక బిందె నీళ్ల దగ్గర కలిశారు. శాలువాలు కప్పుకునే నా వెంటపడ్డారు. బిందె భుజాన పెట్టుకుని నేను రోడ్డు దాటుతుంటే ఒకరు ఇటునుంచి, ఒకరు అటునుంచి. ఒకాయన చెయ్యి బిందె అంచుమీద పడింది. నీళ్లు ఒలికాయి.

పండు లేచి నిలబడింది.

ఆరేళ్లలో దాని గొంతు మేమెవరమూ వినలేదు. ఉందని కూడా తెలీదు. పళ్లు లేకపోయినా ఒకే ఒక్క అరుపు అరిచింది. లారీ హారన్‌లా ఉంది. నవ్వుల క్లబ్బు వాళ్లు లోపల స్టేజీ ఎక్కేశారు. కూర్మనాథంగారు పెద్దగేటు ఊచలు పట్టుకుని పైకెక్కేశారు. వైకుంఠరావుగారు కరెంటు స్తంభం దిమ్మె ఎక్కి స్తంభాన్ని కౌగిలించుకున్నారు. ఆయన నోట్లోంచి విజిల్ జారి మురుగులో పడింది. పదకొండేళ్లకి మా అసోసియేషన్‌కి అసలైన అత్యవసర పరిస్థితి వచ్చింది. పద్నాలుగో క్లాజు ప్రకారం సమస్త చర్యలు తీసుకోవాల్సిన మనిషి స్తంభం దగ్గర కళ్లు మూసుకుని ఉన్నారు.

"సన్యాసమ్మా! సన్యాసమ్మా! పిలువమ్మా దాన్ని!" అని ఇద్దరూ ఒకే గొంతుతో అరిచారు. ఏడు వారాల తర్వాత వాళ్లకి ఆమె పేరు గుర్తొచ్చింది.

ఆమె నిలబడ్డచోటినుంచి కదల్లేదు. "ఊరుకోవే పండూ. పెద్దోళ్లు, బయపడతన్నారు" అంది. పండు ఊరుకుంది. తోక ముడుచుకుని మళ్లీ ఆమె కాళ్ల దగ్గర పడుకుంది. బిందె దింపాను. ఆమె గరిటె కడుక్కుని, ఇద్దర్నీ చూసి, "దిగండి బాబూ, ఏటీ సెయ్యదు. జావ కాస్తాను. లైన్లో రండి" అంది.

దిగారు. ఒకరి వెనక ఒకరు, చప్పుడు చెయ్యకుండా, పండు వెనక నిలబడ్డారు. ఇదంతా మినిట్స్‌లో రాయాలేమో అనిపించింది. పుస్తకం షామియానా కిందే ఉండిపోయింది. దానికోసం మళ్లీ రోడ్డు దాటడం ఎందుకని, గట్టుమీద చల్లారిపోతున్న నా జావ నేను తాగేశాను.